ఎక్కడ ముగుస్తుందో రాసివ్వండి: యూఎస్‌బీ పరికరాల తయారీ సంస్థల ఇంజినీరింగ్ అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజినీరింగ్ అధిపతులకు,

మీలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. గచ్చిబౌలిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, శాన్ హోసేలోనో ఫర్మ్‌వేరు, డ్రైవర్లు రాసే బృందాలను నడుపుతున్నారు. అందుకే ఈ విన్నపం తెలుగులో రాస్తున్నాను. మీరు అమ్మే పరికరంతో పాటు ఒక పేజీ కాగితం కూడా ఇవ్వండి. ఆ పరికరం ఒక్క విడతలో ఎంత డేటా పంపుతుంది, ఆ విడత ఎక్కడ ముగుస్తుంది, ముగిసిందని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది అన్నవి ఆ పేజీలో ఉండాలి. నేను అడుగుతున్నది ఇంతే.

నా పని డ్రైవర్లు రాయడం, ఇతరులు రాసిన డ్రైవర్లను బాగుచేయడం. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. "కొన్ని ఫైళ్లు వెళ్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి." "ఆఫీసు కంప్యూటర్లో పనిచేస్తుంది, కస్టమర్ దగ్గర పనిచేయదు." "నిన్నటిదాకా బాగుంది, ఫర్మ్‌వేరు మార్చాక వేలాడుతోంది." వీటికి కంపెనీ సపోర్టు నుంచి వచ్చే మొదటి జవాబు కేబుల్ మార్చమని. రెండోది పోర్టు మార్చమని. ఆ తర్వాత ఎవరో కుర్ర ఇంజినీరు బఫర్ సైజు 4096 నుంచి 16384కు పెంచి చూస్తాడు, టైమవుట్ ఒక సెకను నుంచి ఐదు సెకన్లకు పెంచి చూస్తాడు. ఏదో ఒక అంకె దగ్గర పని నడుస్తుంది. టికెట్ మూసేస్తారు. ఆ అంకె ఎందుకు పనిచేసిందో ఎవరూ అడగరు. అదే లోపం కొన్నాళ్లకు ఇంకో కంప్యూటరు మీద, ఇంకో వేషంలో తిరిగొస్తుంది.

ఇటువంటి పరికరం ఆగిపోతే కష్టపడేది మనం కాదు. మీసేవ కౌంటర్ దగ్గర వేలిముద్ర స్కానరు స్పందించకపోతే, అవతల వరసలో నిలబడ్డ మనిషి తన వేలు తుడుచుకుని మళ్లీ పెడతాడు. వేలు అరిగిపోయిందేమోనని అనుమానపడతాడు. తప్పు ఒక ట్రాన్స్‌ఫర్ సైజులో ఉండి ఉండవచ్చన్న సంగతి అతనికి తెలిసే దారి లేదు. మనకు తెలుసు కనుక బాధ్యత మనదే.

విషయంలోకి వస్తాను. మీ బృందాల్లో కొత్తగా చేరినవాళ్లు కూడా చదువుతారని కొంచెం మొదటినుంచీ చెబుతున్నాను.

యూఎస్‌బీలో డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది. బల్క్ ఎండ్‌పాయింటులో ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ పరిమాణం ఫుల్ స్పీడ్‌లో 64 బైట్లు, 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 హై స్పీడ్‌లో 512, 2008 నవంబరులో వచ్చిన యూఎస్‌బీ 3.0 సూపర్ స్పీడ్‌లో 1024. అయితే డ్రైవరు ప్యాకెట్ల లెక్కన అడగదు, ట్రాన్స్‌ఫర్ల లెక్కన అడుగుతుంది. "నాకు 65536 బైట్ల చోటు ఉంది, పంపు" అంటుంది. ఆ ట్రాన్స్‌ఫర్ సవ్యంగా ముగియడానికి రెండే దారులు. అడిగినన్ని బైట్లూ రావాలి, లేదా గరిష్ఠ పరిమాణం కన్నా చిన్న ప్యాకెట్ ఒకటి రావాలి. సున్నా బైట్ల ప్యాకెట్ కూడా చిన్న ప్యాకెట్ కిందే లెక్క. 2.0 స్పెసిఫికేషన్‌లో 5.8.3 విభాగం చూస్తే ఈ నియమం కొద్ది వాక్యాల్లో కనిపిస్తుంది. ఆరువందల పైచిలుకు పేజీల ఆ గ్రంథంలో డ్రైవరు రాసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే చోటు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

చిక్కు ఎక్కడంటే, పంపాల్సిన డేటా కంప్యూటరు అడిగినదానికన్నా తక్కువై, గరిష్ఠ పరిమాణానికి సరిగ్గా గుణిజమైనప్పుడు. చివరి ప్యాకెట్ కూడా నిండుగానే ఉంటుంది. ఇన్‌లాండ్ కవరు మీద ఉత్తరం ఆఖరి గీత దాకా నిండిపోయి, కింద "ఇట్లు" అని లేకపోతే చదివేవాళ్లు ఇంకో కాగితం వస్తుందేమోనని చూస్తారు కదా, కంప్యూటరు కూడా అలాగే ఎదురుచూస్తుంది. పరికరం మాత్రం పంపాల్సిందంతా పంపేశానని నిశ్చింతగా ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, ఒప్పందం మాత్రం కుదరలేదు. చివరికి టైమవుట్ వస్తుంది. బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ క్షణానికి డేటా మొత్తం కంప్యూటరు మెమరీలోకి చేరిపోయే ఉంటుంది. లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ వాడేవాళ్లు టైమవుట్ వచ్చినా ఎన్ని బైట్లు చేరాయో చూడాలని దాని డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. చాలా డ్రైవర్లు ఎర్రర్ కోడ్ చూడగానే వచ్చిన డేటానంతా పారేసి మొదటినుంచీ మొదలుపెడతాయి.

ఇది ఎప్పుడో అరుదుగా జరిగేదని అనుకోవద్దు. పరికరం ఏం పంపుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పొడవు మారుతూ ఉండే సందేశాలు పంపే పరికరంలో ఈ తప్పు అప్పుడప్పుడు మాత్రమే బయటపడుతుంది కనుక పట్టుకోవడం కష్టం. బొమ్మలు పంపే పరికరంలో పరిస్థితి వేరు. 320 అడ్డం, 480 నిలువు పిక్సెళ్లున్న వేలిముద్ర సెన్సరు ఉందనుకుందాం, పిక్సెల్‌కు ఒక బైటు. మొత్తం 1,53,600 బైట్లు. ఇది 64కు 2400 రెట్లు, 512కు 300 రెట్లు, 1024కు 150 రెట్లు. ఏ వేగంలో చూసినా సరిగ్గా గుణిజమే. ఎందుకంటే సెన్సరు కొలతలు, మెమరీ కొలతలు ఎక్కువగా 2 ఘాతాలకు గుణిజాలుగా ఉంటాయి. ఇప్పుడు ఫర్మ్‌వేరు మొదటి వెర్షన్‌లో బొమ్మకు ముందు 12 బైట్ల హెడర్ ఉందనుకోండి. చివరి ప్యాకెట్‌లో 12 బైట్లే మిగులుతాయి, ట్రాన్స్‌ఫర్ చక్కగా ముగుస్తుంది. సున్నా ప్యాకెట్ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. రెండో వెర్షన్‌లో ఎవరో ఆ హెడర్ అనవసరమని తీసేస్తారు. ఆ రోజునుంచి ప్రతి బొమ్మ దగ్గరా డ్రైవరు వేలాడుతుంది. ఫర్మ్‌వేరు బృందం "మేం డేటా తగ్గించాం తప్ప పెంచలేదు" అంటుంది. డ్రైవరు బృందం "మేం ఒక్క లైను ముట్టుకోలేదు" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పోర్టు మారిస్తే పనిచేయడం వెనక కూడా చాలాసార్లు ఈ అంకగణితమే ఉంటుంది. 1536 బైట్ల సందేశం హై స్పీడ్‌లో మూడు నిండు ప్యాకెట్లు. ముగిసిందని చెప్పడానికి సున్నా ప్యాకెట్ కావాలి. అదే సందేశం సూపర్ స్పీడ్‌లో 1024 నిండుది, 512 చిన్నది. దానంతటదే ముగుస్తుంది. అంటే ఒకే పరికరం నీలం పోర్టులో నడుస్తుంది, నల్ల పోర్టులో వేలాడుతుంది. వాడేవాడు నల్ల పోర్టు పాడైందనుకుంటాడు. సపోర్టు కూడా అదే అంటుంది. అలాగే 576 బైట్లు హై స్పీడ్‌లో ఇబ్బంది లేకుండా ముగుస్తాయి. పాత ఫుల్ స్పీడ్ హబ్ వెనక పెడితే అవే తొమ్మిది నిండు ప్యాకెట్లు. ఇందులో పోర్టు తప్పూ లేదు, హబ్ తప్పూ లేదు.

దీనికి ఎదురు దిశలో ఇంకో తప్పు ఉంది. డ్రైవరు తనకు కావాల్సింది 100 బైట్లే కదా అని 100 బైట్ల బఫరే ఇస్తుంది. పరికరం 512 బైట్ల నిండు ప్యాకెట్ పంపుతుంది. ప్యాకెట్‌ను సగంలో కోయడం హోస్ట్ కంట్రోలరు వల్ల కాదు. లినక్స్‌లో మైనస్ 75 అనే ఎర్రర్ వస్తుంది, లిబ్‌యూఎస్‌బీ దాన్ని ఓవర్‌ఫ్లో అంటుంది. ఆ డేటా పోయినట్టే. కాబట్టి చదివేటప్పుడు బఫరు ఎప్పుడూ ఎండ్‌పాయింటు గరిష్ఠ పరిమాణానికి గుణిజంగా ఉండాలి. ఆ పరిమాణం 512 అని కోడ్‌లో రాసేయకూడదు, డిస్క్రిప్టరు నుంచి చదువుకోవాలి. 512 అని రాసేసిన డ్రైవర్లు, పరికరం సూపర్ స్పీడ్‌కు ఎదిగిన రోజున 1024 బైట్ల ప్యాకెట్ ముందు కుప్పకూలతాయి.

రాసేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త అవసరం. సున్నా ప్యాకెట్‌ను ఆపరేటింగ్ సిస్టమే పంపుతుందని చాలామంది నమ్ముతారు. పంపదు. లినక్స్ కెర్నెల్‌లో యూఆర్‌బీకి, అంటే డ్రైవరు పంపే ట్రాన్స్‌ఫర్ అభ్యర్థనకు, జీరో ప్యాకెట్ ఫ్లాగ్ పెట్టాలి. విండోస్‌లో విన్‌యూఎస్‌బీ వాడితే షార్ట్ ప్యాకెట్ టర్మినేట్ అనే పైప్ పాలసీని ఆన్ చేయాలి. మొదట అది ఆఫ్‌లోనే ఉంటుంది. అడిగితేనే పంపడం న్యాయమే, ఎందుకంటే అన్ని ప్రోటోకాళ్లకూ అది అక్కర్లేదు. పెన్ డ్రైవులు వాడే బల్క్ ఓన్లీ పద్ధతిలో ముందే 31 బైట్ల ఆదేశం వెళ్తుంది. రాబోయే డేటా ఎంతో అందులోనే ఉంటుంది. చివర 13 బైట్ల స్థితి నివేదిక వస్తుంది. పొడవు ఇద్దరికీ ముందే తెలుసు కనుక ముగింపు గురించి అనుమానం ఉండదు. మీ సొంత ప్రోటోకాల్ ఈ రెండు దారుల్లో ఏది పట్టిందో మీకు తప్ప బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

రాసివ్వకపోతే ఏమవుతుందో చూడాలంటే లినక్స్ కెర్నెల్‌లో యూఎస్‌బీ నెట్‌వర్క్ పరికరాల కోడ్ చదవండి. ఈథర్‌నెట్ ఫ్రేము సరిగ్గా ప్యాకెట్ గుణిజమైతే, నియమం ప్రకారం సున్నా ప్యాకెట్ పంపాలి. కానీ దాన్ని తట్టుకోలేని హార్డ్‌వేరు ఉంటుందని అక్కడి డ్రైవరు ఒక బైటు అదనంగా చేర్చి పంపుతుంది. నియమాన్ని నిక్కచ్చిగా పాటించే పరికరాల కోసం వేరే ఫ్లాగ్ పెట్టాల్సి వచ్చింది. స్టోరేజ్ డ్రైవరులోనూ ఇదే కథ. మామూలుగా ఒక్కో ఆదేశానికి 240 సెక్టార్లు, అంటే 120 కిలోబైట్లు మించనివ్వదు. సూపర్ స్పీడ్‌కు 2048 సెక్టార్ల దాకా అనుమతిస్తుంది. కొన్ని చిప్‌లు 64 సెక్టార్లు దాటితే తట్టుకోలేవు కనుక వాటికి ప్రత్యేకంగా కళ్లెం వేస్తుంది. ఇలాంటి మినహాయింపులకే ఒక పెద్ద పట్టిక ఉంది. అందులో ప్రతి వరస వెనకా ఎవరో ఎక్కడో రాత్రంతా కూర్చుని కనిపెట్టిన నిజం ఉంది. ఆ నిజాలు పరికరం తయారుచేసినవాళ్ల డేటాషీట్‌లో ఉండాల్సినవి.

రాసిచ్చిన ఉదాహరణ కూడా చెప్పాలి. ఎఫ్‌టీడీఐ సీరియల్ చిప్‌లు కంప్యూటరుకు పంపే ప్రతి ప్యాకెట్ మొదట్లో రెండు స్థితి బైట్లు పెడతాయి. 64 బైట్ల ప్యాకెట్‌లో అసలు డేటా 62 బైట్లే, 512 బైట్ల దాంట్లో 510. తక్కువ డేటా ఉన్నప్పుడు చిప్ ఎంతసేపు ఆగి పంపాలో చెప్పే లేటెన్సీ టైమరు మొదట 16 మిల్లీసెకన్లు. ఈ వివరాలను ఆ సంస్థ తన అప్లికేషన్ నోట్లలో బహిరంగంగా పెట్టింది. వింత పద్ధతే, కానీ తెలిస్తే చేయగలం. ట్రాన్స్‌ఫర్ మొదట్లో మాత్రమే ఆ రెండు బైట్లను తీసేసే డ్రైవరు రాస్తే ప్రతి 62 బైట్లకూ ఒకసారి చెత్త వస్తుంది. ఆ 62 అనే అంకె కనబడగానే కారణం తెలిసిపోతుంది. కాగితం మీద ఉన్న ఒక్క అంకె అంత పనిచేస్తుంది.

పై హద్దుల గురించి కూడా రాయాలి. "పెద్ద బఫరు ఇస్తే వేగం వస్తుంది" అనేది చాలావరకు నిజం. హై స్పీడ్‌లో ఒక మైక్రోఫ్రేముకు, అంటే 125 మైక్రోసెకన్లకు, 512 బైట్ల బల్క్ ప్యాకెట్లు 13 దాకా పడతాయి. సెకనుకు సుమారు 53 మెగాబైట్లు. డ్రైవరు 512 బైట్ల చొప్పున అడిగి, వచ్చాక మళ్లీ అడుగుతూ మైక్రోఫ్రేముకు ఒక్క ప్యాకెట్టే తెచ్చుకుంటే నాలుగు మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పెద్ద ట్రాన్స్‌ఫర్లు, ఒకదాని వెనక ఒకటి సిద్ధంగా, ఉండాల్సిందే. కానీ ఎంత పెద్దవి? లినక్స్‌లో యూజర్ ప్రోగ్రాముల నుంచి యూఎస్‌బీ వాడితే ఒకప్పుడు ఒక్కో యూఆర్‌బీకి 16 కిలోబైట్లే హద్దు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్‌తో ఆ పద్ధతి మారి, అన్నిటికీ కలిపి 16 మెగాబైట్ల మెమరీ అనే హద్దు వచ్చింది. 2448 అడ్డం, 2048 నిలువు పిక్సెళ్ల కెమెరా, పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున, ఒక్కో బొమ్మకు 50,13,504 బైట్లు. మూడు బఫర్లు ఈ హద్దులో ఇమిడిపోతాయి. నాలుగోదానికి మెమరీ లేదని జవాబు వస్తుంది. కంప్యూటర్లో 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్నా అదే జవాబు. దాన్ని చూసి మెమరీ లీక్ కోసం వెతికే ఇంజినీర్లను చూస్తే జాలేస్తుంది. యూఎస్‌బీ కోర్ పారామీటర్లలో ఆ హద్దు పెంచుకోమని కెమెరా మాన్యువల్‌లో ఒక్క వాక్యం ఉంటే చాలు.

ఇప్పుడు మీ బృందాల పని పద్ధతి గురించి ఒక మాట. అంకెలు మార్చి చూడటం మాన్పించండి. ముందు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండుతో డిస్క్రిప్టర్లు తీసి, పరికరం ఆ క్షణాన ఏ వేగంలో ఉందో, ప్యాకెట్ గరిష్ఠం ఎంతో చూడమనండి. తర్వాత లినక్స్‌లో యూఎస్‌బీమాన్, విండోస్‌లో యూఎస్‌బీపీక్యాప్, వాటిమీద వైర్‌షార్క్. అడిగింది ఎంత, వచ్చింది ఎంత, ఏ స్థితితో ముగిసింది అన్న మూడు నిలువు వరసలు పక్కపక్కన పెడితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. వచ్చిన పరిమాణం గుణిజమై, ఆ వెంటనే టైమవుట్ ఉంటే ముగింపు ప్యాకెట్ లేదని అర్థం చేసుకోవచ్చు. మైనస్ 75 ఉంటే బఫరు చిన్నది. మైనస్ 32 అంటే ఎండ్‌పాయింటు స్టాల్ అయింది. అప్పుడు సైజు జోలికి పోకుండా, పరికరం ఆదేశాన్ని ఎందుకు నిరాకరించిందో వెతకాలి. అయితే ఈ సాఫ్ట్‌వేరు సాధనాలు చూపించేది యూఆర్‌బీలను, తీగ మీద నడిచే ప్యాకెట్లను కాదు. సున్నా ప్యాకెట్ నిజంగా వెళ్లిందా లేదా అని కళ్లారా చూడాలంటే హార్డ్‌వేరు ప్రోటోకాల్ ఎనలైజరు కావాలి. దానికి ఖర్చవుతుంది. ఒక బృందం నెలలు వృథా చేసుకునే ఖర్చుతో పోలిస్తే అది చిన్నదే. దయచేసి కొనివ్వండి.

వచ్చిన పొడవును చూడకుండా వాడేసే అలవాటు భద్రతకు కూడా ముప్పు. పరికరం తక్కువ బైట్లు పంపితే బఫరులో మిగతా చోట పాత మెమరీ ఉంటుంది. డ్రైవరు దాన్నే పరికరం చెప్పిన జవాబుగా తీసుకుంటుంది. ఆటోమేటిక్ పరీక్షా సాధనాలు కెర్నెల్‌లోని యూఎస్‌బీ డ్రైవర్లలో ఇలాంటివి ఎన్నో బయటపెట్టాయి. 2020 చివర్లో వచ్చిన 5.10 వెర్షన్‌లో, అడిగినంతా రాకపోతే ఎర్రర్ ఇచ్చే కొత్త కంట్రోల్ మెసేజ్ ఫంక్షన్ చేరింది. మీ డ్రైవర్లు ఇంకా పాతది వాడుతుంటే ఈ వారమే తిరగేయించండి.

పరీక్షలు కూడా గుండ్రని అంకెల దగ్గర మొదలై అక్కడే ఆగకూడదు. 0, 1, 63, 64, 65, 511, 512, 513, 1023, 1024, 1025 బైట్లు రెండు దిశల్లోనూ, పరికరం పనిచేసే ప్రతి వేగంలోనూ పంపి చూడాలి. ఎండ్‌పాయింట్ సున్నాను మరిచిపోవద్దు. అక్కడ గరిష్ఠం 64 ఉన్న పరికరానికి కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టరు సరిగ్గా 64 బైట్లయి, హోస్ట్ 255 అడిగితే, అక్కడా సున్నా ప్యాకెట్ పంపాల్సిందే. ఒక ఇంటర్‌ఫేసు చేర్చగానే పరికరాన్ని కంప్యూటరు గుర్తించడం మానేసిందంటే నేను మొదట ఆ మొత్తం పొడవునే కూడి చూస్తాను.

ఇవేవీ వ్యాపార రహస్యాలు కావు. బొమ్మను ఎలా శుద్ధి చేస్తారో, వేలిముద్రను ఎలా పోలుస్తారో చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఒక ట్రాన్స్‌ఫర్ ఎక్కడ ముగుస్తుందో చెప్పమంటున్నాం. ప్రతి ఎండ్‌పాయింటుకూ ప్రతి వేగంలో ప్యాకెట్ గరిష్ఠం, ముగింపు నియమం పొడవు ఫీల్డా చిన్న ప్యాకెట్టా, గుణిజమైతే సున్నా ప్యాకెట్ మీరు పంపుతారా, మా నుంచి ఆశిస్తారా, ఒక్క విడతలో అతి పెద్ద పరిమాణం ఎంత, పరికరం ఎంతసేపు మౌనంగా ఉండటం మామూలో, ఇంతే. ఒక పేజీలో పడుతుంది. ఫర్మ్‌వేరులో వీటిలో ఏది మారినా విడుదల నోట్‌లో ఒక వాక్యం రాయించండి. పాత డ్రైవరు రాసినవాళ్లు కంపెనీ వదిలి వెళ్లిపోయినా, పరికరం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని నడపాల్సినవాళ్లకు మిగిలేది ఆ కాగితం ఒక్కటే.

మీ తర్వాతి ఫర్మ్‌వేరు విడుదల కన్నా ముందే ఆ పేజీ రాయించి, ఎవరైనా దించుకునేలా మీ వెబ్‌సైటులో పెట్టించండి. సంతకం చేయాల్సిన ఒప్పందాలు, లాగిన్ అడ్డంకులు లేకుండా పెట్టించండి.


ఒక డ్రైవర్ ఇంజినీరు